పెద్దల ఈత బ్యాచ్‌ని ఒకే గాటన కట్టకండి: మున్సిపల్, క్రీడా శాఖల అధికారులకు, ఈత కోచ్‌లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్లకు, జిల్లా క్రీడాధికారులకు, ఈత కొలనుల్లో పనిచేస్తున్న కోచ్‌లకు నమస్కారం.

మేము ఒక మున్సిపల్ ఈత కొలనులో ఉదయం ఆరు నుంచి ఏడు దాకా నడిచే పెద్దల బ్యాచ్ సభ్యులం. పెద్దలకు ఈత నేర్పే పద్ధతి మార్చమని వేసవికి ముందే సంబంధిత ఆఫీసులో వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు మాత్రం రాలేదు. వెళ్లి అడిగితే "కోచ్ ఒక్కరే ఉన్నారు, మేమేం చేయగలం" అన్నారు. ఇంకోసారి వెళ్తే "పిల్లలైతే మెడల్స్ తెస్తారు. మీకెందుకండీ కోచింగ్, హాయిగా ఈదుకోండి" అన్నారు. ఆ మాట విన్నాకే ఈ విషయాన్ని అందరి ముందూ పెట్టాలని నిర్ణయించుకున్నాం.

మా ఊరి పేరు, కోచ్ గారి పేరు రాయడం లేదు. ఒక మనిషిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వేరే ఊళ్ల కొలనుల్లో ఈదే స్నేహితులను కదిలిస్తే చాలామంది ఇంచుమించు ఇదే చెప్పారు. కాబట్టి ఈ లేఖ ఒక్క ఊరి అధికారులకు రాసింది కాదు.

ముందుగా మా బ్యాచ్‌లో ఎవరెవరున్నారో చెప్పాలి. మోకాళ్లు అరిగాయి, ఈతకి వెళ్లమని డాక్టర్ చెబితే వచ్చిన రిటైర్డ్ టీచర్లున్నారు. నడివయసులో మొదటిసారి నీళ్లలో దిగిన బ్యాంకు ఉద్యోగులు, గృహిణులు ఉన్నారు. చిన్నప్పుడు పొలం బావిలో బెండ్లు కట్టుకుని, సొరకాయ బుర్ర పట్టుకుని ఈత నేర్చినవాళ్లున్నారు. వాళ్లకి నీళ్లంటే భయం లేదు, ఎంతసేపైనా తేలతారు. కానీ తల పైకెత్తి ఈదడం అలవాటు కావడంతో నడుము, కాళ్లు కిందికి దిగిపోయి కాసేపటికే ఆయాసపడతారు. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3 పోటీకి తయారవుతున్న కుర్రాళ్లున్నారు. వాళ్లు సముద్రంలో 1.9 కిలోమీటర్లు ఈదాక 90 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 21 కిలోమీటర్లు పరుగెత్తాలి. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, భుజం ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఉన్నారు.

వీళ్లందరికీ రోజూ అందే సూచన ఒక్కటే: "అందరూ పది రౌండ్లు కొట్టండి."

మా కొలను పొడవు 25 మీటర్లు. రౌండంటే వెళ్లి రావడం, అంటే 50 మీటర్లు. పది రౌండ్లంటే అర కిలోమీటరు. బాగా ఈదేవాళ్లకు అది తొమ్మిది నిమిషాల పని. మధ్యస్థంగా ఈదేవాళ్లు ఆగి ఆగి పాతిక నిమిషాల్లో ముగిస్తారు. కొత్తవాళ్లు రెండో రౌండులోనే గోడ పట్టుకుని, ఆ గంటంతా అక్కడే నిలబడతారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పరు.

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టాలు ఇవి.

1. కొత్తవాళ్లు మానేస్తున్నారు. మూడు నెలల పాస్ కట్టి వచ్చినవాళ్లలో చాలామంది మొదటి నెల దాటకుండానే కనిపించకుండా పోతారు. ఈత రాక కాదు, నేర్పేవాళ్లు లేక. పెద్దవాళ్లు నీళ్లకు భయపడటానికి కారణం ఉంటుంది. చిన్నప్పుడు కాలవలో ఎవరో కొట్టుకుపోవడం చూసి ఉంటారు, లేదా ఎవరో సరదాగా తోసేసి ఉంటారు. అలాంటివాళ్లకు మొదట నేర్పాల్సింది చేతులు ఆడించడం కాదు. ముఖం నీళ్లలో పెట్టి ముక్కుతో, నోటితో గాలి వదలడం, బోర్లా తేలడం, తేలుతున్నవాళ్లు మోకాళ్లు పొట్టవైపు ముడుచుకుని, చేతులతో నీళ్లను కిందికి నొక్కి, తిరిగి కాళ్ల మీద నిలబడటం. ఈ మూడోది వచ్చిన రోజున సగం భయం పోతుంది. మా కొలనులో ఇది నేర్పగా మేం చూడలేదు. బ్యాచ్‌లో ఈత వచ్చినవాళ్లే తమ రౌండ్లు మానుకుని పక్కవాళ్లకు నేర్పుతున్నారు.

2. ప్రాణం మీదికి వస్తోంది. ఈ ఏడాదే మా బ్యాచ్‌లో చేరిన ఒకాయన, అందరితో పాటు వెళ్లమన్నారని వెళ్లి, లోతు మొదలయ్యే చోట కాలికి నేల అందక మునగడం మొదలుపెట్టాడు. ఆ సమయంలో కోచ్ గారు గేటు దగ్గర పాస్‌లు చూస్తున్నారు. లైఫ్‌గార్డ్ పోస్టు ఖాళీగా ఉంది. పక్క లేన్‌లో ఈదుతున్న ఒక అమ్మాయి చూసి లాగింది కాబట్టి బతికాడు. మునిగిపోయే మనిషి చేతులు ఊపుతూ కేకలు వేస్తాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఊపిరి అందని మనిషికి గొంతు పెగలదు. పక్కనున్నవాళ్లకు కూడా తెలియకుండా నిమిషంలోపే కిందికి వెళ్లిపోవచ్చు. నీళ్ల మీంచి చూపు తిప్పని మనిషి ఒకరు గట్టు మీద ఉండాలని అందుకే అడుగుతున్నాం. మునగబోయిన ఆయన మళ్లీ కొలనుకి రాలేదు. వాళ్లింట్లో పిల్లల్ని కూడా పంపడం లేదు.

3. కీళ్లు బాగుపడాల్సింది పోయి పాడవుతున్నాయి. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో సుమారు మూడో వంతే కాళ్ల మీద పడుతుంది. డాక్టర్లు మోకాలి నొప్పికి ఈత రాయడానికి కారణం అదే. కానీ ఏ ఈతైనా మంచిదేనని కాదు. బ్రెస్ట్ స్ట్రోక్‌లో (కప్ప ఈతలో) పాదాలు బయటికి తిప్పి తన్నే కిక్ మోకాలి లోపలివైపు లిగమెంట్ మీద ఒత్తిడి పెడుతుంది. మోకాళ్లు అరిగిన అరవై ఏళ్లావిడకి "మీకు ఈజీగా ఉంటుంది" అని ఆ స్ట్రోకే ఇస్తే నొప్పి పెరగక ఏమవుతుంది? ఆవిడ వెల్లకిలా పడుకుని బ్యాక్ స్ట్రోక్ ఈదవచ్చు. ఫ్రీస్టైల్ (బోర్లా ఉండి చేతులు ఒకదాని తర్వాత ఒకటి వేసే ఈత) కిక్‌తో మెల్లగా ఈదవచ్చు. నడుం లోతులో నీళ్లలో నడిచినా మేలే. భుజాలదీ అదే కథ. ఏళ్ల తరబడి కుర్చీలో ముందుకు వంగి పనిచేసినవాళ్ల భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్ల చేతులకు మొదటి నెలలోనే ప్యాడిల్స్ (నీళ్లను ఎక్కువగా నెట్టే అరచేతి పలకలు) తగిలిస్తే తర్వాత ఫిజియోథెరపీకి తిరగాల్సి వస్తుంది. మాలో ఒకరికి అదే జరిగింది.

4. మందులు వాడేవాళ్ల గురించి ఎవరూ అడగడం లేదు. ఇన్సులిన్, లేదా చక్కెరను బాగా దించే కొన్ని రకాల మాత్రలు వేసుకుని, ఖాళీ కడుపుతో వచ్చి గంటసేపు ఈదితే షుగర్ పడిపోవచ్చు. గట్టు మీద కళ్లు తిరిగితే కూర్చోబెట్టి గ్లూకోజ్ ఇస్తాం. లోతు నీళ్లలో కళ్లు తిరిగితే? పాస్ ఇచ్చేటప్పుడు రెండు ఫొటోలు, ఆధార్ జిరాక్స్ తీసుకుంటారు. "గుండె జబ్బు ఉందా, మూర్ఛ ఉందా, ఇన్సులిన్ తీసుకుంటున్నారా" అనే మూడు ప్రశ్నలకు ఆ ఫారంలో చోటు లేదు.

5. ఊపిరి బిగబట్టే పందేలు. చెప్పే పని లేని చోట కుర్రాళ్లు పందేలు పెట్టుకుంటారు. గబగబా నాలుగైదు సార్లు గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, నీళ్ల కింద ఒక్క గుక్కలో కొలను దాటడం అందులో ఒకటి. ఇది చాలా ప్రమాదం. అలా పీల్చి వదిలితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలనే తహతహ పుట్టించేది ముఖ్యంగా అదే. తహతహ పుట్టేలోపే ఆక్సిజన్ అయిపోయి, ముందస్తు హెచ్చరిక ఏదీ లేకుండా నీళ్ల కిందే స్పృహ తప్పుతుంది. బాగా ఈదేవాళ్లే దీనికి బలవుతారు. దీన్ని నిషేధిస్తూ మా కొలనులో ఒక్క బోర్డు లేదు.

6. ఆడవాళ్లకు ఇచ్చిన సమయం ఎవరికీ పనికిరాదు. ఆడవాళ్ల బ్యాచ్ పగలు పదకొండింటికి పెట్టారు. ఉద్యోగాలు చేసేవాళ్లు రాలేరు, పిల్లల్ని స్కూలుకి పంపి వంట చేసుకునేవాళ్లకూ కష్టమే, పైగా వేసవిలో ఆ ఎండ. నేర్పడానికి మహిళా కోచ్ లేరు. తేలడం నేర్పాలంటే నడుము కింద, తల కింద చేయి ఆనించి పట్టుకోవాల్సి వస్తుంది. పరాయి మగవాళ్ల చేత నేర్చుకోవడం ఇబ్బందై చాలామంది మొదటి వారంలోనే మానేస్తున్నారు. నిండుగా ఉండే ఈత దుస్తులు వేసుకుంటే కొన్నిచోట్ల వెనక్కి పంపిస్తున్నారు. ఈతకని తయారైన నైలాన్, లైక్రా బట్టతో కుట్టినదైతే పొడవు చేతులున్నా, చీలమండల దాకా ఉన్నా నీళ్లకు వచ్చే నష్టమేమీ లేదు.

ఏప్రిల్ వస్తే సమ్మర్ క్యాంపుల పేరుతో పెద్దల బ్యాచ్‌ని సగానికి కోసేయడం, కట్టిన ఫీజులో సర్దుబాటు చేయకపోవడం కూడా ఏటా జరిగేదే. పిల్లలకు ఈత నేర్పాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. ముందుగా చెప్పి, వేరే సమయం ఇవ్వమంటున్నాం, అంతే.

"పెద్దలకెందుకు కోచింగ్" అన్న ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఏటా 30 వేలకు పైగా మునక మరణాలు కనిపిస్తాయి. పుష్కర ఘాట్‌లో, చెరువు గట్టున, సముద్రం ఒడ్డున పోయేవాళ్లలో పెద్దవాళ్లూ ఉంటారు. మునుగుతున్న పిల్లాణ్ని కాపాడబోయి, ఈత రాక తామూ పోయిన తల్లిదండ్రుల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. తల్లికి ఈత వస్తే ఇంట్లో పిల్లలకూ వస్తుంది.

వయసు మీరాక ఏం నేరుస్తారు అనేవాళ్లకు మన గోలి శ్యామల గారిని చూపిస్తాం. సామర్లకోటలో పుట్టిన ఆవిడ, నలభైలు దాటాక హైదరాబాద్‌లో ఈత నేర్చుకున్నారు. అప్పటిదాకా నీళ్లంటే భయం. 2021లో శ్రీలంకకు, మనకు మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈది దాటారు. 2025 జనవరి మొదటివారానికి విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా సముద్రంలో రోజుల తరబడి ఈదుకుంటూ చేరారు. జపాన్‌లో మియెకో నాగావోకా అనే ఆవిడ మోకాలి బాధకని 80 ఏళ్లు వచ్చాక ఈత మొదలుపెట్టి, 2015లో నూరేళ్ల వయసులో 1500 మీటర్ల ఫ్రీస్టైల్ పూర్తిచేశారు. ప్రపంచ ఆక్వాటిక్స్ సమాఖ్య మాస్టర్స్ పోటీలను, అంటే పెద్దల పోటీలను, 25 ఏళ్ల వయసు నుంచి మొదలుపెట్టి, ఐదేళ్లకో వర్గంగా నడుపుతోంది. మన జాతీయ ఈత సమాఖ్య కూడా మాస్టర్స్ జాతీయ పోటీలు పెడుతోంది. మెడల్సే కావాలంటే అవీ వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఒక్క కోచ్, ఒక్క కొలను, ముప్పై నలభై మంది రకరకాల మనుషులు, ఒకే గంట. ఇందులో అందరికీ తగిన పని ఇవ్వడం సాధ్యమా? సాధ్యమే. అమెరికాలో 1970లో టెక్సాస్‌లోని అమరిల్లోలో మొదటి మాస్టర్స్ పోటీ జరిగింది. తర్వాత యూఎస్ మాస్టర్స్ స్విమ్మింగ్ అనే సంస్థ ఏర్పడి, 18 ఏళ్లు దాటినవాళ్లందరికీ ప్రాక్టీసులు నడుపుతోంది. ఈత అసలు రాని పెద్దలకు నేర్పేవాళ్లకు ప్రత్యేకంగా సర్టిఫికెట్ కోర్సు కూడా పెట్టింది. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లు కొందరు ఈ బ్యాచ్‌లలో ఈదుతున్నారు. సెలవులకు వచ్చి మా కొలను చూసినవాళ్లు మొదట అడిగేది "ఇక్కడ లేన్లు వేగాన్ని బట్టి విడదీయరా?" అనే.

అదే మొదటి మెట్టు. లేన్లను వయసును బట్టి, మొహమాటాన్ని బట్టి కాదు, 50 మీటర్లు ఈదడానికి పట్టే టైమును బట్టి విడదీయాలి. రెండో మెట్టు, దూరం కాకుండా టైము సమానంగా ఉండేలా పని ఇవ్వడం. ఉదాహరణకు పన్నెండు నిమిషాల సెట్ (ఒక విడత పని) ఒకటి ఇలా ఉంటుంది:

50 మీటర్లు 55 సెకన్లలోపు ఈదేవాళ్ల లేన్: 50 మీటర్లు పది సార్లు, 1 నిమిషం 10 సెకన్లకు ఒకటి చొప్పున బయలుదేరాలి.

1 నిమిషం 10 సెకన్లు పట్టేవాళ్ల లేన్: 50 మీటర్లు ఎనిమిది సార్లు, నిమిషంన్నరకు ఒకటి.

1 నిమిషం 40 సెకన్లు పట్టేవాళ్ల లేన్: 50 మీటర్లు ఆరు సార్లు, రెండు నిమిషాలకు ఒకటి.

ఇప్పుడిప్పుడే దాటుతున్నవాళ్లు, లోతు తక్కువ వైపు, గోడ పక్క లేన్‌లో: 25 మీటర్లు ఎనిమిది సార్లు, నిమిషంన్నరకు ఒకటి. అంతదూరం రాని వాళ్లు పొడవుకి కాకుండా అడ్డంగా, నేల అందే చోటే.

ఒకరు 500 మీటర్లు ఈదుతారు, ఒకరు 200. అందరికీ ఊపిరి తీసుకునే విరామం దొరుకుతుంది, అందరూ పన్నెండు నిమిషాలకు ఒకేసారి గోడ దగ్గరికి వస్తారు. అప్పుడు కోచ్ ఒక్క మాటతో తర్వాతి పని అందరికీ చెప్పగలరు. గోడకి ఒక పెద్ద గడియారం, ఒక తెల్లబోర్డు ఉంటే చాలు. ఒకే అంశం మీద అందరూ పనిచేయవచ్చు. ఆ రోజు పాఠం ఊపిరి తిప్పడమైతే, ముందు లేన్‌వాళ్లు చేతులు మూడుసార్లు వేశాక ఒకసారి ఊపిరి తీస్తూ ఈదుతారు, చివరి లేన్‌వాళ్లు కిక్‌బోర్డు (నీళ్ల మీద తేలే పలక) పట్టుకుని తల పక్కకు తిప్పడం నేర్చుకుంటారు. బావి ఈత అలవాటైనవాళ్లకు తల దించి, చూపు నేలవైపు పెట్టి ఈదడమే మొదటి పాఠం. కాళ్ల మధ్య పుల్‌బాయ్ (తేలే ఫోమ్ ముక్క) పెట్టి కొన్ని రౌండ్లు ఈదిస్తే, నడుము పైకి తేలితే ఒళ్లెంత తేలికగా సాగుతుందో వాళ్లకే తెలుస్తుంది. ఇక వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒక్కో లేన్‌లో ఐదారుగురు గుండ్రంగా ఈదాలి. వెళ్లేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు రెండో పక్క, మనిషికీ మనిషికీ ఐదు నుంచి పది సెకన్ల ఎడం. వెనకవాళ్లు పాదం తాకితే గోడ దగ్గర ఆగి దారి ఇవ్వాలి. ఈ మర్యాదలు ఎవరూ చెప్పకపోవడం వల్లే మా కొలనులో రోజూ తలలు గుద్దుకోవడాలు, మాటలు అనుకోవడాలు.

నెలకోసారి టైము చూడాలి. పెద్దలకు ఒక తేలిక పరీక్ష ఉంది. 400 మీటర్ల టైములోంచి 200 మీటర్ల టైము తీసేసి, వచ్చినదాన్ని రెండుతో భాగిస్తే 100 మీటర్లకు ఎంత వేగంతో నిలకడగా ఈదగలరో తెలుస్తుంది. 400 మీటర్లకు 10 నిమిషాలు, 200 మీటర్లకు 4 నిమిషాల 40 సెకన్లు పట్టిన మనిషికి అది 2 నిమిషాల 40 సెకన్లు. దాన్ని బట్టే ఆ మనిషి సెట్ రాయాలి. అంతదూరం ఈదలేనివాళ్లకు గడియారం కూడా అక్కర్లేదు. గోడ దగ్గరికి వచ్చాక ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే తగిన వేగం, మాట తెగిపోతుంటే తగ్గించాలి.

కోచ్‌లకు ఒక మాట. మీ కష్టం మాకు తెలుసు. మా కోచ్ గారు కాంట్రాక్టు ఉద్యోగి. పాస్‌లు చూడటం, క్లోరిన్ వేయడం, మోటారు ఆగిపోతే మనిషిని పిలవడం, సాయంత్రం పిల్లల బ్యాచ్‌లు, అన్నీ ఆయన నెత్తినే ఉన్నాయి. జీతం ఏ నెలది ఏ నెలలో వస్తుందో ఆయనకే తెలియదు. అయినా మీ చేతిలో ఉన్నదొకటుంది: ముందురోజు రాత్రి పది నిమిషాలు కూర్చుని రేపటి గంటకు నాలుగు లేన్ల ప్లాన్ రాసుకోవడం. గట్టు మీద ఒకచోట కూర్చోకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూ, ఒక్కొక్కరికి ఒక్క తప్పే చెప్పండి. ఐదు చెబితే పెద్దవాళ్లు అయోమయంలో పడతారు. ఎందుకు చేయమంటున్నారో కారణం కూడా చెప్పండి. పిల్లలు చెప్పగానే చేసేస్తారు, పెద్దలు అర్థమైతేనే చేస్తారు. అందరి ముందు అరవకండి. యాభై ఏళ్ల వయసులో కొత్తగా నీళ్లలో దిగిన మనిషి ఇంట్లో అందరికీ నచ్చజెప్పుకుని, సిగ్గు చంపుకుని వచ్చి ఉంటాడు.

మా డిమాండ్లు ఇవి.

1. పెద్దల బ్యాచ్ నడిచే ప్రతి గంటలో కోచ్ కాకుండా వేరుగా ఒక లైఫ్‌గార్డ్ గట్టు మీద ఉండాలి. నేర్పడం, కాపలా కాయడం రెండు ఉద్యోగాలు. లైఫ్‌గార్డ్ లేని రోజు లోతు వైపు మూసేయండి. ఇది మొదటిది, దీని మీద మేం రాజీపడం.

2. కోచ్, లైఫ్‌గార్డ్ ఇద్దరికీ సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగినవాళ్లకు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ ఏటా ఇవ్వాలి. మునిగినవాళ్లకు ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, నోటితో ఊపిరి ఇవ్వడం తప్పనిసరి. ఆ శిక్షణ అందులో ఉండాలి.

3. కొలను పొడవునా లేన్ తాళ్లు కట్టి, వేగాన్ని బట్టి లేన్లు కేటాయించాలి. లోతు తక్కువ వైపు కొంత భాగం కొత్తవాళ్లకే వదలాలి. లోతు ఎంతో గట్టు మీద మీటర్లలో, తెలుగులో రాయించాలి.

4. పాస్ ఫారంలో ఆరోగ్య ప్రశ్నలు చేర్చాలి. ఆ వివరాలు కోచ్‌కి, లైఫ్‌గార్డ్‌కి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

5. ఊపిరి బిగబట్టే పందేలను నిషేధిస్తూ బోర్డు పెట్టాలి.

6. ఆడవాళ్లకు ఉదయం లేదా సాయంత్రం ఒక బ్యాచ్, మహిళా కోచ్‌తో. పూర్తిస్థాయి కోచ్ దొరికేదాకా, ఈత బాగా వచ్చిన స్థానిక అమ్మాయిలకు శిక్షణ ఇచ్చి సహాయకులుగా గౌరవ వేతనంతో పెట్టుకోండి. మా బ్యాచ్‌లోనే తగినవాళ్లున్నారు.

7. కోచ్‌లకు పెద్దల శిక్షణ మీద ప్రత్యేకంగా తరగతులు పెట్టాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ 1961 నుంచి దేశానికి కోచ్‌లను తయారుచేస్తోంది. అక్కడ డిప్లొమా చేసిన ఈత కోచ్‌లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లతో జిల్లాకో వారం రోజుల వర్క్‌షాప్ పెడితే పెద్ద ఖర్చు కాదు. కోచ్‌లకు జీతాలు నెలనెలా ఇవ్వండి, పాస్‌లు చూసే పని వేరొకరికి అప్పగించండి.

8. నీటి పరీక్ష ఫలితాలు రోజూ బోర్డు మీద రాయాలి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ కనీసం 1 పీపీఎం (లీటరు నీటికి 1 మిల్లీగ్రాము) ఉండాలి. కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటాం. చాలాసార్లు చెమట, మూత్రం కలిసి క్లోరిన్ చెడిపోవడమే అసలు కారణం. ఈతకు ముందు షవర్ తప్పనిసరి చేయండి, ముందు ఆ షవర్లలో నీళ్లు వచ్చేలా చూడండి.

9. సమ్మర్ క్యాంపుల కోసం సమయాలు మార్చాల్సి వస్తే నెల ముందు చెప్పి, తగ్గిన రోజులకు పాస్ గడువు పొడిగించాలి.

10. ఐక్యరాజ్యసమితి జూలై 25ని మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. ఆ వారంలో ప్రతి మున్సిపల్ కొలనులో ఈత రాని పెద్దలకు ఉచితంగా పరిచయ తరగతులు పెట్టండి.

వీటిలో సగానికి నిధులు అక్కర్లేదు, ఒక ఆర్డరు చాలు. గోడ గడియారం, తెల్లబోర్డు, కిక్‌బోర్డులు మా బ్యాచ్ తరఫున చందాలు వేసుకుని కొనివ్వడానికి సిద్ధంగా ఉన్నాం. లేన్లకు మనుషులను విడదీయడానికి అందరి టైములూ మేమే నమోదుచేసి జాబితా తయారుచేశాం. కోచ్ గారికి ఇస్తాం. లైఫ్‌గార్డ్ పోస్టు మాత్రం మేం నింపలేం, అది మీరే చేయాలి.

పాత వినతిపత్రం ప్రతిని ఈ లేఖతో జతచేస్తున్నాం. వచ్చే పాస్‌ల రెన్యువల్‌ లోపు మాతో ఒక సమావేశం పెట్టి, ఏది ఎప్పటికి చేస్తారో రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే లైఫ్‌గార్డ్ నియామకం, నీటి పరీక్షల వివరాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తాం. జిల్లా కలెక్టర్ గారి ప్రజావాణి లాంటి ఫిర్యాదుల వేదికల్లోనూ ఇదే లేఖ ఇస్తాం. వేరే ఊళ్లలో ఇదే ఇబ్బంది పడుతున్న ఈతగాళ్లు పై డిమాండ్లను తమ కొలనుకు తగ్గట్టు మార్చి తమ అధికారులకు ఇచ్చుకోవచ్చు. మా అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
ఉదయం ఆరింటి పెద్దల బ్యాచ్ సభ్యులు